మగ హార్మోన్లు – గుండె లయ



ఈసారి వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని అడిగారు. నేను డాక్టర్ని కాదు. పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉండి, ఇంటర్ తర్వాత టెక్నీషియన్ కోర్సు చేసి, పద్దెనిమిదేళ్లుగా ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఈసీజీలు తీస్తున్నాను. రోజూ ఎంతోమంది గుండెల గీతలు నా చేతుల మీదుగా పోతుంటాయి. కాబట్టి ఆ గీతల గురించే రాస్తాను.

దీని గురించే రాయడానికి ఒక కారణం ఉంది. మా బ్యాచ్‌లో ఒక స్నేహితుడు ఉండేవాడు. వాళ్లమ్మ ఇంకా ఉంది కనుక పేరు రాయను. కబడ్డీలో వాడు కూతకు వెళ్తే ఒట్టి చేతులతో తిరిగి వచ్చేవాడు కాదు. తొమ్మిదో తరగతిలో ఒకసారి బాగా జ్వరం వచ్చి పడుకున్నాడు. రాత్రి బాత్‌రూముకు వెళ్లి వస్తూ వరండాలో దబ్బున పడిపోయాడు. నిమిషంలో లేచి, "ఏమైందిరా?" అని మమ్మల్నే అడిగాడు. వాడి చిన్నప్పుడే వాళ్ల నాన్న నిద్రలో పోయాడని మాకందరికీ తెలుసు. కబురు అంది ఊరి నుంచి వచ్చిన వాళ్ల పెద్దమ్మ, "వాళ్ల నాయన్ను తీసుకపోయిందే వీన్నీ పట్టింది" అని ఏడ్చింది. తాయెత్తు కట్టించింది. ఆ రాత్రి మేం మా గది తలుపు మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి పడుకున్నాం. ఆ రోజుల్లో పల్లెల్లో ప్రతి తలుపు మీదా ఆ రాతే ఉండేది.

వాడు ఇరవై తొమ్మిదో ఏట, జ్వరం వచ్చిన ఒక రాత్రి, నిద్రలో చనిపోయాడు. అప్పటికే నేను ఈసీజీ మిషన్ దగ్గర పని చేస్తున్నాను. అంతకుముందు వాడు నన్ను చూడ్డానికి రెండుసార్లు ఆస్పత్రికి వచ్చాడు. ఇద్దరం టీ తాగాం, పాత ముచ్చట్లు చెప్పుకున్నాం, వాడు బస్సెక్కి పోయాడు. వాణ్ణి ఆ బల్ల మీద ఐదు నిమిషాలు పడుకోబెట్టాలని నాకు తోచలేదు. వాడికి ఉన్నది ఏ జబ్బో చెప్పే కాగితం ఒక్కటి కూడా లేదు. అలాంటి కాగితం లేని వాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉంటారు. అందుకే ఈ వ్యాసం.

గుండెకు గంట కొట్టేదెవరు?

గుండె నిమిషానికి సుమారు 72 సార్లు, రోజుకు లక్ష సార్లకు పైగా కొట్టుకుంటుంది. మన హాస్టల్లో వాచ్‌మన్ గంట కొడితేనే ప్రార్థన, గంట కొడితేనే భోజనం. గుండెలో కూడా అలాంటి వాచ్‌మన్ ఉన్నాడు. కుడివైపు పై గదిలో ఉండే చిన్న కణాల ముద్ద అది. పేరు సైనస్ నోడ్. దాన్ని 1907లో ఆర్థర్ కీత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, అప్పటికింకా వైద్య విద్యార్థిగా ఉన్న మార్టిన్ ఫ్లాక్ కలిసి కనుగొన్నారు. అక్కడ పుట్టిన సన్నని కరెంటు పై గదుల గుండా పాకి, మధ్యలో క్షణం ఆగి, కింది గదులకు చేరుతుంది. అప్పుడు కింది గదులు ఒక్కసారిగా బిగుసుకుని రక్తాన్ని ఒళ్లంతటికీ నెడతాయి.

ఆ కరెంటును బయటి నుంచి గీతగా గీసి చూపించేదే ఈసీజీ. నెదర్లాండ్స్‌కు చెందిన విలెం ఐంథోవెన్ దీనికి సరైన యంత్రాన్ని తయారు చేసి 1924లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన కాలంలో రోగి రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు మిషన్‌ను ఒక చేత్తో మోసుకుపోవచ్చు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఒక్కసారి బిగుసుకున్న గుండె కణం, మళ్లీ బిగుసుకోవాలంటే ముందు సర్దుకోవాలి. మెస్‌లో మొదటి బ్యాచ్ తిన్నాక ప్లేట్లు కడగాలి, నేల తుడవాలి, మళ్లీ వరుసలు వేయాలి. ఆ తర్వాతే రెండో గంట. సగం మంది ఇంకా కుళాయి దగ్గరే ఉండగా రెండో గంట కొడితే ఏమవుతుంది? తోపులాట. గుండెలో జరిగే అలాంటి తోపులాటనే లయ తప్పడం అంటారు.

గుండెపోటు వేరు, లయ తప్పడం వేరు. గుండెపోటులో గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. అది నీళ్ల పైపు పూడిపోవడం వంటిది. లయ తప్పడం కరెంటు లోపం. పై గదులు వణికితే దడ, ఆయాసం వస్తాయి, రక్తం గడ్డకట్టి పక్షవాతం కూడా రావచ్చు. కింది గదులు వణికితే రక్తం ముందుకు పోదు. మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, నిమిషాల్లో ప్రాణం పోతుంది.

అబ్బాయి గుండె మగ గుండెగా మారేది ఎప్పుడు?

ఈసీజీ గీతలో క్యూ అనే చోట మొదలై టీ అనే చోట ముగిసే దూరాన్ని క్యూటీ అంటారు. కింది గదులు బిగుసుకోవడం మొదలైన దగ్గర నుంచి పూర్తిగా సర్దుకునే దాకా పట్టే సమయం అది. మన లెక్కలో, గంట కొట్టిన దగ్గర నుంచి ఆఖరి ప్లేటు కడిగే దాకా.

1920లో బాజెట్ అనే శాస్త్రవేత్త, నాడి వేగాన్ని బట్టి క్యూటీని సరిచేసి లెక్కగట్టే పద్ధతి చెప్పాడు. ఈనాటికీ మా మిషన్లలో ఆయన సూత్రం వాడుకలో ఉంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు క్యూటీ కాస్త ఎక్కువని ఆయనే గమనించాడు. ఇప్పుడు డాక్టర్లు మగవాళ్లలో 450 మిల్లీసెకన్లు, ఆడవాళ్లలో 460 మిల్లీసెకన్లు దాటితే ఎక్కువగా ఉన్నట్టు లెక్కిస్తారు.

అసలు ఆశ్చర్యం ఏమిటంటే, చిన్నపిల్లల్లో ఈ తేడా లేదు. ఐదో తరగతి అబ్బాయి గీత, ఐదో తరగతి అమ్మాయి గీత ఒకే తీరుగా ఉంటాయి. మీసం మొలిచే వయసులో అబ్బాయిల క్యూటీ తగ్గుతుంది. అమ్మాయిలది దాదాపు అలాగే ఉండిపోతుంది. వయసు మళ్లాక, మగవాళ్లలో హార్మోను తగ్గే కొద్దీ, ఆ తేడా మళ్లీ తగ్గుతూ వస్తుంది. అంటే గొంతును బొంగురు చేసి, మీసం తెప్పించే పదార్థమే గుండె గీతను కూడా మారుస్తోంది. దాని పేరు టెస్టోస్టెరాన్.

వృషణాల నుంచి ఏదో పదార్థం రక్తంలోకి వస్తుందని 1849లోనే జర్మనీలో బెర్తోల్డ్ కోడిపుంజుల మీద చేసిన ప్రయోగంతో తేలింది. వృషణాలు తీసేసిన పుంజులు కుయ్యవు, కయ్యానికి దిగవు, వాటి జుట్టు పెరగదు. తీసిన వృషణాన్ని తిరిగి కడుపులో అమర్చితే మళ్లీ పుంజుల్లాగే పెరిగాయి. ఆ పదార్థాన్ని 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాక్వర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి వేరుచేసింది. 100 కిలోల వృషణాల నుంచి వాళ్లకు దొరికింది 10 మిల్లీగ్రాములే. ఇంత కొంచెమే ఇంత పని చేస్తుంది.

ఉప్పు తలుపులు

హార్మోను గుండెలో ఏం చేస్తుంది? గుండె కణం గోడకు సన్నని తలుపులు ఉంటాయి. సోడియం, కాల్షియం లోపలికి వస్తే కణం బిగుసుకుంటుంది. పొటాషియం బయటికి పోతే సర్దుకుంటుంది. లోపలికి వచ్చేదానికీ బయటికి పోయేదానికీ మధ్య ఉండే సమతూకమే లయ.

టెస్టోస్టెరాన్ పొటాషియం బయటికి పోయే తలుపుల్ని మరికాస్త తెరుస్తుంది. కాల్షియం రాకను కాస్త తగ్గిస్తుంది. దాంతో కణం త్వరగా సర్దుకుంటుంది. ప్లేట్లు త్వరగా కడిగేస్తారన్నమాట. క్యూటీ తగ్గేది ఇందువల్లే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా వ్యాసమంతా సులువుగా అర్థమవుతుంది. ఎందుకంటే హార్మోను చేసే ఈ ఒక్క పనే ఒకరిని కాపాడుతుంది, ఇంకొకరిని ప్రమాదంలో పెడుతుంది.

కాపాడే సందర్భం

కొందరికి పుట్టుకతోనే క్యూటీ ఎక్కువగా ఉంటుంది. దాన్ని లాంగ్ క్యూటీ అంటారు. ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఇలాంటి కుటుంబాల్లో పెద్దయ్యే లోపు, అంటే మీ వయసు దాకా, అమ్మాయిల కంటే అబ్బాయిలకే ప్రమాదం ఎక్కువ. యుక్తవయసు వచ్చాక లెక్క తిరగబడుతుంది. అబ్బాయిలకు తగ్గుతుంది, ఆడవాళ్లకు ఎక్కువవుతుంది. క్యూటీని తగ్గించే హార్మోను అబ్బాయిలకు కొంత అండగా నిలుస్తుంది.

ఇందులో ఒక రకం వాళ్లకు పరుగెత్తేటప్పుడు, ముఖ్యంగా ఈత కొట్టేటప్పుడు, లయ తప్పుతుంది. సెలవుల్లో బావుల్లో దూకే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఈత రాక మునగడం వేరు. బాగా ఈత వచ్చినవాడు నీళ్లలో ఉన్నట్టుండి స్పృహ తప్పడం వేరు. అలా ఒక్కసారి జరిగి బతికి బయటపడినవాణ్ణి, ఈసీజీ తీయించకుండా మళ్లీ నీళ్లలోకి దిగనీయకూడదు.

పెద్దవాళ్లలో ఇదే కథ వెనక్కి నడుస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ మగ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. అప్పటి నుంచి ఆ హార్మోనును అణచడం ఈ జబ్బు చికిత్సలో ముఖ్యమైన భాగం. ఎంతోమంది ప్రాణాలను అది నిలబెట్టింది. కానీ హార్మోను తగ్గితే క్యూటీ పెరుగుతుంది. టెస్టోస్టెరాన్ బాగా తగ్గిపోయిన కొందరు మగవాళ్లలో ప్రమాదకరమైన లయ దోషం వచ్చిందని, హార్మోను లోపాన్ని సరిచేశాక తగ్గిందని 2018లో ఫ్రాన్సు డాక్టర్లు ప్రకటించారు.

దీన్ని చదివి ఎవరూ నాన్నగారి మందులు ఆపించవద్దు. చేయవలసింది ఒక్కటే. అలాంటి చికిత్సలో ఉన్నవాళ్లు వేరే జబ్బుకు మందు తీసుకునేటప్పుడు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎందుకంటే క్యూటీని పెంచే మామూలు మందులు చాలా ఉన్నాయి. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్, ఫ్లూకొనజోల్, క్లోరోక్విన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, డాంపెరిడోన్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్. విడిగా ఇవి చాలామందికి ఏమీ చేయవు. లాంగ్ క్యూటీ ఉన్నవాడు మందుల షాపులో తనకు తోచినట్టు వీటిలో ఒక్కటి కొనుక్కున్నా చిక్కే, రెండు మూడు కలిపితే మరీ చిక్కు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం తగ్గినప్పుడు ఆ చిక్కు ఇంకా పెరుగుతుంది.

నిద్రలో పోయే మగవాళ్లు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇందుకోసం మనం ఆగ్నేయాసియా వెళ్లాలి.

ఈశాన్య థాయ్‌లాండ్ పల్లెల్లో బలంగా ఉండే యువకులు రాత్రి తిని పడుకుని తెల్లారేసరికి చనిపోయి కనిపించేవాళ్లు. దాన్ని అక్కడ 'లాయ్ తాయ్' అంటారు. ఫిలిప్పీన్స్‌లో దాని పేరు 'బంగుంగోట్'. నిద్రలో మూలగడం అనే అర్థం ఆ మాటలో ఉంది. జపాన్‌లో 'పొక్కురి' అంటారు. 1975 తర్వాత లావోస్ నుంచి అమెరికా వెళ్లిన శరణార్థుల్లోనూ ఇలాంటి చావులు కనిపించాయి. 1981లో అమెరికా ఆరోగ్య శాఖ వాళ్లు 38 మరణాలు లెక్కగడితే అందులో ఆడమనిషి ఒక్కరే. 1982 నుంచి 1990 వరకు సింగపూర్‌లో పనికి వెళ్లిన థాయ్ కూలీలు 230 మంది ఇలాగే కారణం తెలియకుండా పోయారు. ఇంటికి డబ్బు పంపుదామని పరాయి దేశం పోయినవాడి శవం పెట్టెలో తిరిగి రావడం ఎలా ఉంటుందో మన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌లో పోయే మనవాళ్ల చావులకు ఎండ, పని భారం, గుండెపోటు వంటి కారణాలు చాలా ఉంటాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. కానీ 'సహజ మరణం' అని రాసిన కాగితంతో ఆ ఇంటివాళ్ల అనుమానం తీరదు.

థాయ్ పల్లెల్లో జనం ఏమనుకున్నారో తెలుసా? ఒక విధవరాలి దయ్యం మగవాళ్లను మొగుళ్లుగా చేసుకోవడానికి తీసుకుపోతోందని. దాన్ని మోసం చేయడానికి మగవాళ్లు పెదాలకు, గోళ్లకు రంగు వేసుకుని, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని పడుకునేవాళ్లు. ఇది చదివినప్పుడు మా గది తలుపు మీది బొగ్గు రాత నా కళ్ల ముందు కనిపించింది. నాకు నవ్వు రాలేదు. ఆ జనం గమనించింది నిజమే: పోయేది మగవాళ్లే, నిద్రలోనే. వాళ్లు ఊహించిన కారణం మాత్రం తప్పు.

కారణం 1992 నుంచి తెలియసాగింది. పెడ్రో బ్రుగాడా, జోసెప్ బ్రుగాడా అనే స్పెయిన్ అన్నదమ్ములు, గుండెలో పైకి ఏ లోపమూ కనిపించకపోయినా హఠాత్తుగా గుండె ఆగిన 8 మంది ఈసీజీల్లో ఒకే రకమైన గీత ఉందని ప్రకటించారు. అప్పటి నుంచి దాన్ని బ్రుగాడా సిండ్రోమ్ అంటున్నాం. 1997లో థాయ్ డాక్టర్లు లాయ్ తాయ్ నుంచి బతికి బయటపడిన మగవాళ్ల ఈసీజీలు తీస్తే చాలామందిలో అదే గీత కనిపించింది. 2002లో జన్యు పరీక్షలు కూడా రెండూ ఒకటేనని చెప్పాయి. నిద్రలో ఆ మూలుగు దయ్యం గొంతు పట్టడం వల్ల వచ్చింది కాదు. గుండె వణుకుతున్నప్పుడు మనిషి శ్వాస కోసం పడే ఆఖరి యాతన అది.

ఈ జబ్బులో కొంతమందికి సోడియం లోపలికి వచ్చే తలుపు పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. టెస్టోస్టెరాన్ పొటాషియం బయటికి పోయే తలుపును తెరుస్తుందని చెప్పుకున్నాం కదా! మామూలు గుండెకు దానివల్ల నష్టం లేదు. కానీ లోపలికి రాక తక్కువగా ఉన్న గుండెలో, బయటికి పోవడం ఎక్కువైతే, కుడివైపు కింది గది పై భాగంలో తూకం తప్పుతుంది. అక్కడ కరెంటు అర్ధాంతరంగా కూలిపోయి, వణుకు మొదలవుతుంది. అందుకే ఈ జబ్బు ఆడవాళ్ల కంటే మగవాళ్లలో ఎనిమిది నుంచి పదింతలు ఎక్కువగా బయటపడుతుంది. చిన్నపిల్లల్లో ఆ తేడా ఉండదు. జన్యువు తల్లి నుంచి కూడా రావచ్చు. తల్లికి ఏమీ కాకపోవచ్చు, కొడుకు పడిపోవచ్చు.

దీనికి గట్టి సాక్ష్యం జపాన్ నుంచి వచ్చింది. బ్రుగాడా గీత ఉన్న ఇద్దరికి ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల వృషణాలు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్ల ఈసీజీలో ఆ గీత మాయమైంది. ఇది 2003లో ప్రకటించిన విషయం. 2007లో ఇంకో జపాన్ పరిశీలనలో, ఈ జబ్బున్న మగవాళ్లలో టెస్టోస్టెరాన్ మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే దీనికి చికిత్స హార్మోను తీసేయడం కాదు. ప్రమాదం ఎక్కువని తేలినవాళ్లకు ఛాతీలో చిన్న యంత్రాన్ని అమరుస్తారు. గుండె వణికితే అది లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేస్తుంది.

జ్వరం ఈ జబ్బుకు పెద్ద శత్రువు. ఒంటి వేడికి బలహీనమైన సోడియం తలుపు మరీ మొరాయిస్తుంది. అతిగా తాగడం కూడా ప్రమాదమే. రాత్రిపూట గుండె నెమ్మదించడం దానికి తోడవుతుంది. జ్వరంలో పడిపోయిన మా స్నేహితుడు, జ్వరంలోనే పోయాడని మొదట్లో రాశాను. ఇక విడమరచి చెప్పను.

బయటి నుంచి ఎక్కిస్తే?

మన పాత విద్యార్థులు చాలామంది కానిస్టేబుల్ సెలెక్షన్లకు తయారవుతుంటారు. 1600 మీటర్ల పరుగు, ఛాతీ కొలత, అన్నీ చూసుకోవాలి. జిమ్‌లో ఎవరో "ఈ ఇంజెక్షన్ వేసుకో తమ్మీ, రెండు నెలల్లో కండ వస్తది" అంటారు. స్టానోజోలాల్, నాండ్రోలోన్ లాంటి పేర్లతో దొరికేవి టెస్టోస్టెరాన్‌కు అన్నదమ్ములే. కండ పెరిగే మాట నిజమే. కానీ గుండె కూడా కండే. అదీ దళసరి అవుతుంది, లోపల మచ్చలు పడతాయి, కరెంటు దారులు చెదురుతాయి. పైగా బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీ ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి. ఇంజెక్షన్ మానేశాక నెలల తరబడి హార్మోను తక్కువగానే ఉండవచ్చు. మగతనం కోసం వేసుకున్న సూది దాన్నే తీసుకుపోతుంది.

డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చినా జాగ్రత్త కావాలి. 2023లో వెలువడిన ట్రావర్స్ అనే పెద్ద పరిశోధనలో, హార్మోను తక్కువగా ఉండి గుండె జబ్బు గానీ దాని ముప్పు గానీ ఉన్న, 45 నుంచి 80 ఏళ్ల మగవాళ్లు 5 వేల మందికి పైగా పాల్గొన్నారు. టెస్టోస్టెరాన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఏమీ పెరగలేదు. అది మంచి వార్త. కానీ పై గదుల వణుకు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 2.4 శాతం మందికి వస్తే, అసలు మందు వాడినవాళ్లలో 3.5 శాతం మందికి వచ్చింది. నిజంగా లోపం ఉన్నవాడికి డాక్టరు లెక్కగట్టి ఇస్తే అది మందు. అక్కర లేనివాడు జిమ్‌లో వేసుకుంటే అది ఆపద.

ఇంకొక మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన 'మగతనం తగ్గిందా?' అనే ప్రకటనలు మీరు చూస్తూనే ఉంటారు. మీ వయసులో మేమూ వాటిని చదివి రాత్రులు భయంతో పడుకోలేదు. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు. దానివల్ల హార్మోను తరగదు, గుండె బలహీనపడదు. భయం వల్ల వచ్చే గుండె దడను వాళ్లు జబ్బుగా చూపించి మందులు అమ్ముతారు. లోపల ఏం కలిపారో తెలియని ఆ పొడులే అసలు ప్రమాదం.

మనం చేయవలసినవి

ముందుగా ధైర్యం చెబుతాను. ఆగస్టు 15న టిఫిన్ తినకుండా ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయినవాడికి సాధారణంగా గుండె జబ్బు ఉండదు. ముందు చెమట పట్టడం, కళ్లు చీకట్లు కమ్మడం, పడుకోబెట్టగానే తేరుకోవడం మామూలు సొమ్మ లక్షణాలు. ఈ కింది వాటిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు:

పరుగెత్తుతూ గానీ, ఈత కొడుతూ గానీ స్పృహ తప్పడం.

జ్వరంలో గానీ, ఏ సూచనా లేకుండా గానీ హఠాత్తుగా పడిపోవడం.

నిద్రలో గురగురమని యాతనగా శ్వాస తీయడం, లేపినా లేవకపోవడం.

ఇంట్లో తండ్రి, మేనమామ, అన్న వంటి దగ్గరివాళ్లు చిన్న వయసులో నిద్రలో లేదా హఠాత్తుగా చనిపోయి ఉండటం.

మందులకు లొంగని 'ఫిట్స్'. వాటిలో కొన్ని ఫిట్స్ కావు, లయ తప్పడం వల్ల వచ్చే స్పృహ కోల్పోవడాలు.

ఇలాంటివాళ్లకు ఈసీజీ తీయించాలి. సర్కారు దవాఖానాలో డబ్బు అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు, నొప్పి ఉండదు. ఒక్కసారి గీత మామూలుగా ఉన్నంత మాత్రాన ఊరుకోకండి. బ్రుగాడా గీత ఒక రోజు కనిపించి ఇంకో రోజు దాక్కుంటుంది. ఛాతీ మీద పెట్టే మొదటి రెండు తీగలను పక్కటెముకల మధ్య ఒకటి రెండు సందులు పైకి జరిపి తీస్తే అది బాగా బయటపడుతుంది. కనిపించినప్పుడు గీత బడిలోని జారుడుబల్లలా పైనుంచి కిందికి వాలి ఉంటుంది. "మా నాన్న నిద్రలో పోయాడు సార్" అని మీరు చెబితేనే తీసేవాడికి ఆ ఆలోచన వస్తుంది. కాబట్టి చెప్పండి. సిగ్గుపడకండి.

ఎదుటివాడు పడిపోయి, పిలిచినా పలకక, శ్వాస సరిగా లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. ఒకడు అలసిపోతే ఇంకొకడు అందుకోవాలి. ఒక గదిలో ఇరవై మంది పడుకునే హాస్టల్లో ఈ ఒక్క పని అందరికీ వస్తే చాలు, అది పెద్ద అండ.

చివరగా, మా స్నేహితుడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇప్పుడు ఇంకో ఊరి హాస్టల్లో తొమ్మిది చదువుతున్నాడు. పోయిన వేసవి సెలవుల్లో వాళ్ల నానమ్మను ఒప్పించి ఇద్దర్నీ మా ఆస్పత్రికి తెచ్చాను. బల్ల మీద పడుకోబెట్టి నేనే తీగలు పెట్టాను. కింది సందులో ఒకసారి, పై సందులో ఒకసారి. ఇద్దరి గీతలూ ప్రస్తుతానికి మామూలుగానే ఉన్నాయి. మా డాక్టరు గారు చూసి, "మీసాలు వచ్చే వయసు, ఇప్పుడే వదిలేయకూడదు. ఏడాదికోసారి తీసుకురా. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా మాత్ర వేసి, ఇక్కడికి తీసుకురమ్మను" అన్నారు. పెద్దవాడి మెడలో తాయెత్తు ఉంది. నేను తీయమనలేదు. ఈసీజీ కాగితం మాత్రం రెండు కాపీలు తీసి, ఒకటి వాడి ట్రంకు పెట్టెలో దాచుకోమని ఇచ్చాను.

మీలో ఎవరికైనా అలాంటి కాగితం అవసరమనిపిస్తే, అడగడానికి సంకోచించకండి. మన హాస్టల్ నుంచి వచ్చామని చెబితే చాలు, ఆ ఐదు నిమిషాలు నేను చూసుకుంటాను.

– ఒక పూర్వ విద్యార్థి, ఈసీజీ టెక్నీషియన్